పందికీ మనిషికీ ఒకే గాదె: అండమాన్ నికోబార్ దీవుల్లో పెంపుడు జీవాల ఆపత్కాలపు తిండి

తుపానో భూకంపమో వచ్చినప్పుడు ఇంట్లోని మనుషులకు కావలసిన బియ్యం, నీరు, మందులతో పాటు, ఆ ఇంటిని నమ్ముకుని బతికే కుక్కకూ పిల్లికీ ఆవుకూ కోడికీ కావలసినవి కూడా ముందుగానే సర్ది ఉంచాలన్న ఆలోచన ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కింది ఇటీవలి దశాబ్దాల్లోనే. తిండి తరిగిపోయిన రోజున పెంపుడు జీవం వాటా ఎంత, ఆ వాటాను ఎవరు దాచాలి, ఎక్కడ దాచాలి అన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవులకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన, బియ్యం మొదలుకొని దాణా దాకా ఓడ మీద రావలసిన అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ ప్రశ్నకు గత రెండు మూడు వందల ఏళ్ళలో రెండు వేర్వేరు జవాబులు దొరికాయి. ముఖ్యంగా ఉత్తరాన ఉన్న అండమాన్‌లో బయటి నుంచి వచ్చిన నావికులూ పాలకులూ జంతువునే ఆపత్కాలపు నిల్వగా లెక్కగట్టారు. దక్షిణాన ఉన్న నికోబార్‌లో మనిషికి దాచిన తిండీ పందికి దాచిన తిండీ ఒకే రాశిగా ఉండేవి. రెండో పద్ధతి ఎంత ఆలోచన గలదో, దానికి ఉన్న ఒకే ఒక బలహీనత ఎంత ప్రమాదకరమైనదో 2004 డిసెంబర్ 26న కొన్ని గంటల్లోనే తేలిపోయింది.

జంతువును నిల్వగా చూడటం నావికుల పాత అలవాటు. దారితప్పిన ఓడలవారికీ, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవారికీ ఆహారంగా పనికివస్తాయని మనుషులు లేని దీవుల్లో మేకలను వదిలిపెట్టే ఆచారం హిందూ మహాసముద్రంలోనూ పసిఫిక్‌లోనూ విస్తృతంగా ఉండేది. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా, భారతదేశంలో ఇప్పటికీ మండుతున్న ఏకైక అగ్నిపర్వతమున్న బారెన్ ద్వీపంలో కూడా 19వ శతాబ్దపు చివర ఈ విధంగానే మేకలు దిగాయి. తాగునీటికి కటకటలాడే ఆ బూడిద నేల మీద వాటి సంతతి నిలదొక్కుకోవడం జీవశాస్త్రజ్ఞులకు ఒక అధ్యయన విషయంగా మారింది. నికోబార్‌లోని నాన్‌కౌరి రేవు పక్కన ఉన్న ట్రింకెట్ ద్వీపంలో అడవిపాలై తిరిగే పశువులు 18, 19 శతాబ్దాల్లో అక్కడ వలస స్థాపించబోయి జ్వరాలకు తాళలేక వెనుదిరిగిన డేన్లు వదిలివెళ్ళిన మంద సంతతి అని భావిస్తారు. వదిలివెళ్ళినవారికి ఆ పశువులు తిరిగివస్తే తినడానికి దాచుకున్న ఆస్తి మాత్రమే. అవి ఏం తిని బతకాలన్న విచారం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

1858 మార్చిలో జేమ్స్ ప్యాటిసన్ వాకర్ ఆధ్వర్యంలో తిరుగుబాటు ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ శిక్షా వలస మొదలైనప్పుడు ఈ దీవులకు మరో జంతువు వచ్చింది. అంతవరకు అండమాన్ ఆదివాసులకు కుక్క తెలియదు. ఖైదీల వెంట, కాపలాదార్ల వెంట వచ్చిన కుక్కలను గ్రేట్ అండమానీయులు ఎంత ఆత్రంగా చేరదీశారో, అడవిపంది వేట వాటి రాకతో ఎట్లా మారిందో ఇ. హెచ్. మాన్, ఎం. వి. పోర్ట్‌మన్ వంటి అధికారుల రచనల కాలం నుంచి నమోదవుతూ వచ్చింది. తరువాత లిటిల్ అండమాన్‌లోని ఓంగేలు కూడా కుక్కలను తమ గుడిసెల్లోకి తీసుకున్నారు. వేటాడి సేకరించి బతికే ఈ సమాజాల్లో నెలల తరబడి దాచే తిండి ఉండదు కనుక కుక్కకంటూ వేరే నిల్వ ఉండే అవకాశమూ లేదు. దొరికిన రోజున కుక్కకూ దొరికేది, దొరకని రోజున అందరూ కలిసి పస్తుండేవారు. శిక్షా వలసలో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ప్రతి గింజా కలకత్తా నుంచో రంగూన్ నుంచో వచ్చే ఓడ మీద ఆధారపడి ఉండేది, పాలకోసం, మాంసంకోసం తెచ్చిన ఆవులూ మేకలూ ఆ ఓడ ఆలస్యమైతే అక్కరకు వచ్చే సరుకుగానే చూడబడేవి.

ఓడలు నిజంగానే ఆగిపోయిన కాలం రెండో ప్రపంచయుద్ధంలో వచ్చింది. 1942 మార్చి 23న జపాన్ సేనలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగాయి. ఆ తొలి రోజుల్లో అబర్దీన్ ప్రాంతంలో సైనికులు ఇళ్ళ మధ్య కోళ్ళను తరిమి పట్టుకుంటుండగా, సన్నీ అని పిలిచే జుల్ఫికర్ అలీ అనే యువకుడు గాలితుపాకి పేల్చినందుకు అతణ్ణి చిత్రహింసలు పెట్టి బహిరంగంగా కాల్చి చంపారు. ఆక్రమణ పాలనలో దీవుల్లో జరిగిన తొలి మరణశిక్షల్లో ఒకదానికి పెరటి కోడి కారణమైందన్న సంగతి, కరవు భయం మొదలైన చోట ఇంటి జీవం మీద ఎవరికి హక్కు ఉంటుందన్న తగవు ఎంత త్వరగా లేస్తుందో చెబుతుంది. యుద్ధం ముదిరి, మిత్రరాజ్యాల జలాంతర్గాములు సరకు ఓడలను ముంచడం మొదలుపెట్టాక, జనం చేత బలవంతంగా చిలగడదుంప, కర్రపెండలం సాగు చేయించారు. 1945 నాటికి ఆకలి ఎంతగా పెరిగిందంటే, పనికిరారనుకున్న వందలాది మందిని హావ్‌లాక్ వైపు తీసుకెళ్ళి సముద్రంలోనూ తీరంలోనూ వదిలేశారు. మనుషుల విషయంలోనే ఇట్లా జరిగిన చోట జంతువుల మేత గురించి వెదకడం వృథా. ఆ కాలం విడిచిపోయిన జీవాల్లో అందరికీ కనిపించేది, జపాన్ వారు తెచ్చారని చెప్పే పెద్ద ఆఫ్రికా నత్త. తినడానికి తెచ్చిన ఆ నత్త తోటలకు నేటికీ చీడగా మిగిలింది.

నికోబార్‌కు వస్తే వ్యవహారం మొత్తం మారుతుంది. టెన్ డిగ్రీ ఛానల్ అనే వెడల్పాటి జలసంధికి దక్షిణాన ఉన్న ఈ దీవుల్లో నికోబారీలు వ్యవసాయం కన్నా తోటల మీద, ముఖ్యంగా కొబ్బరి మీద ఆధారపడి, పందులనూ కోళ్ళనూ పెంచుతూ వచ్చారు. నేల నుంచి మనిషి ఎత్తున స్తంభాల మీద నిలబెట్టిన, తేనెతుట్టె ఆకారంలో గుండ్రంగా కప్పిన ఇల్లు వారి పాత నివాసం. ఆ ఇంటి కింది నీడలో పందులు, కోళ్ళు, కుక్కలు ఉండేవి. పందులను పగలు కట్టేయరు. అవి అడవిలోకి, తోటల్లోకి పోయి వేళ్ళూ పండ్లూ వెదుక్కుని, సాయంత్రం ఇంటివారి పిలుపు వినగానే తమ ఇంటికే తిరిగివస్తాయి, అప్పుడు పగలగొట్టిన కొబ్బరి వాటికి పెడతారు. ఒక్కొక్క పందికి ఒక్కొక్క గొంతు తెలుసు. పెరిగిన పందికి రోజుకు కొన్ని కాయలు కావలసివుంటుంది కనుక, ఒక కుటుంబపు తోటలో రాలిన కాయల్లో పెద్ద వాటా పందుల నోట్లోకే పోయేది. అమ్ముదామంటే అదే కాయ ఎండుకొబ్బరి అవుతుంది, దానికి బదులుగా దుకాణం నుంచి బియ్యం, చక్కెర, గుడ్డ వస్తాయి. దప్పికకూ ఆకలికీ నూనెకూ కూడా అదే కాయ. కాబట్టి నికోబారీ ఇంట్లో ప్రతి కొబ్బరికాయా ఒక నిర్ణయం, అది మనిషికా, పందికా, వర్తకుడికా అన్నది రోజూ తేల్చుకోవలసిందే.

ఈ నిర్ణయం ఒక్క ఇంటిది కాదు. కార్ నికోబార్‌లో తుహెత్ అనే వ్యవస్థ ఉంది. ఒకే మూలపురుషుడి సంతతిగా భావించుకునే అనేక కుటుంబాలు కలిసి భూమినీ తోటలనూ పందులనూ ఉమ్మడిగా అనుభవించే పెద్ద కుటుంబాన్ని తుహెత్ అంటారు. దానికి ఒక పెద్ద ఉంటాడు, పంపకాలు ఆయన మాటతో సాగుతాయి. ఆ పెద్దల వంటివారు చనిపోయిన తరువాత కొన్నేళ్ళకు ఎముకలను వెలికితీసి శుభ్రంచేసి తిరిగి పూడ్చే అస్థికల పండుగ నికోబారీ జీవితంలో అన్నిటికన్నా ఖర్చైన వేడుక. దానికోసం ఎన్నుకున్న పందులను దుంగలతో కట్టిన దొడ్లలో పెట్టి, ఏళ్ళ తరబడి కొబ్బరితో మేపుతారు. ఎన్ని పందులు కోస్తే చనిపోయినవారికి అంత గౌరవం, బతికున్న తుహెత్‌కు అంత పరువు. బయటినుంచి వచ్చిన చూపరులు చాలామంది దీన్ని వృథా ఖర్చుగా రాశారు. అయితే ఆ మాట పైపై చూపుతో రాసిందేమో అనిపిస్తుంది, ఎందుకంటే మంచి కాపు కాసిన ఏళ్ళలో మిగిలే కొబ్బరిని కుళ్ళనివ్వకుండా మాంసంగా, కొవ్వుగా, బంధువుల మధ్య బాకీగా మార్చి దాచుకునే ఉపాయం కూడా అదే వేడుకలో ఉంది. ఒక తుహెత్ పండుగకు పంపిన పందికి మరొక తుహెత్ తన పండుగ రోజున బదులు తీర్చాలి. తుపానులో ఒక గ్రామం తోట కూలితే పక్క గ్రామం, పక్క దీవి ఆదుకునే బంధం ఇట్లా పందుల రూపంలో ముందుగానే కట్టబడివుండేది.

కొబ్బరి ఒక్కటే నిల్వ కాదు. మొగలి జాతికి చెందిన, పనసకాయంత పండు కాసే పాండానస్ చెట్టు నికోబార్‌లో ముఖ్యాహారం. ఆ పండును ఉడకబెట్టి, గుజ్జును పీచునుంచి వేరుచేసి, ముద్దలు కట్టి ఆకుల్లో చుట్టి ఉంచితే చాలా రోజులు నిలుస్తుంది. గుజ్జు మనిషికి, తొక్కా పిప్పీ పందికి. మంచినీటిని ఎండిన కొబ్బరి చిప్పల జతల్లో నింపి ఇంట్లో వేలాడదీసే అలవాటు ఉండేది. పెంపుడు కోళ్ళలో పొట్టి కాళ్ళ నికోబారీ జాతి ఒకటి ఇక్కడి వాతావరణానికి అలవాటుపడి, పెద్దగా దాణా అడగకుండా బతికేది. ఈ కోడిని, నికోబారీ పందిని దేశీయ జాతుల జాబితాలో నమోదు చేయడంలో, పరిరక్షించడంలో పోర్ట్ బ్లెయిర్ గారచర్మలో 1978లో ఏర్పడిన కేంద్రీయ వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే నేటి కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ, చేసిన పని చాలా ఉంది. ఒక్క మాటలో చెప్పాలంటే, నికోబారీ ఇంటికి జంతువులకోసం వేరే పెట్టె అక్కర్లేదు, తోటే పెట్టె. తోట ఉన్నంతకాలం పంది ఉంటుంది, పంది ఉన్నంతకాలం బంధువులుంటారు.

2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నర గంటల ప్రాంతంలో సుమత్రా పశ్చిమ తీరం దగ్గర మొదలై ఉత్తర అండమాన్ దాకా భూమి చీలింది. తొమ్మిదికి మించిన తీవ్రత గల ఆ భూకంపం తరువాత గంటలోపే కెరటాలు కార్ నికోబార్, కచ్చల్, నాన్‌కౌరి, గ్రేట్ నికోబార్ తీరాలను ముంచేశాయి. దీవుల్లో చనిపోయినవారు, గల్లంతైనవారు కలిపి ప్రభుత్వ లెక్కల్లో 3,500కు పైగా తేలారు, అందులో అత్యధికులు నికోబార్ వారు. కోళ్ళతో కలిపి లక్షన్నరకు పైగా పెంపుడు జీవాలు నశించినట్టు అదే లెక్కలు చెబుతాయి. ప్రాణనష్టం కన్నా తక్కువగా చర్చకు వచ్చినది భూమి కదలిక. ఉత్తర అండమాన్ తీరం మీటరు దాకా పైకి లేచి పగడపు దిబ్బలు బయటపడగా, నికోబార్ దీవులు కుంగిపోయాయి. దేశపు దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ దీపస్తంభం అడుగుభాగం నాలుగు మీటర్లకు పైగా దిగి నీళ్ళలో నిలబడింది. ట్రింకెట్ ద్వీపం ముక్కలైంది, అక్కడి జనాన్ని కామోర్టా ద్వీపానికి తరలించారు. తీరం వెంబడి ఉన్న కొబ్బరి తోటల్లోకి ఉప్పునీరు వచ్చి, చాలా చోట్ల తిరిగి వెనక్కు పోలేదు.

అంటే పోయింది పంది ఒక్కటే కాదు, పంది గాదె కూడా. మామూలు తుపానులో తోట కొంత కూలినా మిగిలిన చెట్లు ఆదుకునేవి, పక్క దీవి ఆదుకునేది. ఈసారి ఒకేరోజున అన్ని దీవుల తోటలూ పోయాయి. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఆ ఆరేడేళ్ళు పందికి ఏం పెట్టాలన్నది సహాయ శిబిరాల్లో ఎవరి పట్టికలోనూ లేని ప్రశ్న. ఓడల మీద, విమానాల మీద బియ్యం, పప్పు, నూనె, బట్టలు, వంటపాత్రలు వచ్చాయి. తీరానికి దూరంగా రేకుల తాత్కాలిక షెడ్లు వరుసలుగా లేచాయి. కింద నీడ లేని ఆ షెడ్లలో, పక్క పక్కనే ఉన్న గదుల మధ్య, పందిని పెంచే చోటు లేదు. నాన్‌కౌరి దీవుల్లో అంతకుముందు నుంచే పనిచేసిన సమాజ శాస్త్రజ్ఞుడు సిమ్రన్ జీత్ సింగ్, సునామీ తరువాతి మార్పుల మీద 2006లో వెలువరించిన పుస్తకంలో, బయటి సహాయం నికోబారీ జీవనపద్ధతిని ఎట్లా కదిలించిందో వివరంగా చర్చించాడు. పందులు లేకపోవడంతో చనిపోయినవారికి చేయవలసిన క్రతువులు వాయిదా పడ్డాయి, క్రతువులు ఆగడంతో తుహెత్‌ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడమూ సన్నగిల్లింది.

ఈ సందర్భంలో పత్రికలు ఎక్కువగా రాసినది వేరే సంగతి. జంతువులకు ప్రళయం ముందే తెలిసిపోయిందని, అవి ఎత్తైన చోటికి పరుగెత్తి బతికాయని కథనాలు వెల్లువెత్తాయి. నేల కంపించడాన్ని కొన్ని జంతువులు మనకన్నా ముందు పసిగట్టగలవన్నది కొట్టివేయదగిన మాట కాదు. అయితే లక్షన్నర పెంపుడు జీవాలు నశించిన చోట ఆ కథనం ఒక ఓదార్పు మాత్రమే. మనుషుల్లో చూస్తే, లిటిల్ అండమాన్ ఓంగేలు బతికి బయటపడటానికి కారణం సముద్రం వెనక్కు తగ్గితే ఎత్తుకు పోవాలన్న తాతలనాటి ఎరుక, మరో ఆదివాసీ తెగ అయిన జారవాలు ఎక్కువగా అడవిలోపల ఉండేవారు. కట్టివేసిన ఆవుకూ దొడ్లో ఉన్న పందికీ ఎంత ముందు తెలిసినా ఒరిగేది లేదు.

కట్టు విప్పడం అన్న ఈ విషయం తెలుగువారికి కొత్త కాదు. పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో, ఇతర తీర వాడల్లో స్థిరపడిన తెలుగువారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలవారు, వారి సొంత తీరం తుపానుల తీరం. 1977 నవంబర్ 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలాది మందితో పాటు లక్షల పశువులు చనిపోయాయి. కళేబరాలు పూడ్చడమే పెద్ద పని అయింది. పలుపుతో రాటకు కట్టివేసిన పశువు నిలుచున్న చోటనే మునిగిపోతుందని, వదిలేస్తే ఈదుకుంటూ పోయి మెరక పట్టుకునే అవకాశం కొంతైనా ఉంటుందని కోస్తా రైతుకు తెలుసు. నేటి విపత్తు మార్గదర్శకాలు చెప్పేదీ అదే. కోస్తా రైతుకు ఆపత్కాలపు మేత అంటే గడ్డివామి. వరి కోత అయ్యాక ఎండుగడ్డిని మెరక మీద కట్టుదిట్టంగా పేర్చి, ఏడాది పొడవునా పీకి వాడుకునే ఆ వామి దీవుల్లో అంత సులువు కాదు. పోర్ట్ బ్లెయిర్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, రెండు ఋతుపవనాల నుంచీ కురుస్తుంది. ఎండని గడ్డి బూజుపడుతుంది, బూజు మేసిన పశువు జబ్బుపడుతుంది. అందువల్ల దీవుల పాడిరైతు పచ్చిమేత మీద, ఓడమీద వచ్చే దాణా బస్తాల మీద ఎక్కువగా ఆధారపడతాడు. ఓడ ఆగితే ఆ దాణా ఆగుతుంది. 2016 డిసెంబర్‌లో వాయుగుండం కారణంగా పడవలు నిలిచిపోయి హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో వందలాది పర్యాటకులు రోజుల తరబడి చిక్కుకుపోయిన వార్త దేశమంతా చదివింది. అక్కడి పశువులూ అదే సముద్రానికి అవతల ఉన్నాయన్న సంగతి ఆ వార్తల్లో కనిపించదు.

తడి మరొక ప్రమాదాన్ని కూడా తెస్తుంది. ఎలుకలు, కుక్కలు, పశువులు, పందుల మూత్రం ద్వారా నీటిలో, బురదలో చేరి మనిషికి సోకే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అండమాన్‌లో చాలా కాలంగా ఉంది. టేలర్, గోయల్ అనే వైద్యులు 1931లోనే దీని మీద పరిశోధన ప్రచురించారు. తరువాతి కాలంలో అండమాన్ రక్తస్రావ జ్వరంగా భయపెట్టినది కూడా ఇదేనని పోర్ట్ బ్లెయిర్‌లోని ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. దీన్నిబట్టి దీవుల్లో ఇంటి జీవానికి ముందుజాగ్రత్త అంటే తిండి డబ్బా ఒక్కటే సరిపోదు. గాలి చొరని డబ్బాలో కనీసం వారం రోజుల పొడి తిండి, విడిగా మరిగించిన నీరు, నేల తడవని ఎత్తైన పడక, యజమానికి మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, గాయాలకు మందు, మెడపట్టీ, తాడు, టీకాల పత్రం అన్నీ దానిలో భాగమే. టీకాల పత్రానికి ఇక్కడ ప్రత్యేక విలువ ఉంది. దేశంలో రేబిస్ లేని ప్రాంతాలుగా వైద్య పాఠ్యగ్రంథాలు చెబుతూ వచ్చినవి అండమాన్ నికోబార్, లక్షద్వీప్ మాత్రమే, ఆ స్థితిని కాపాడాలంటే బయటినుంచి వచ్చే ప్రతి కుక్కనూ ఒక కంట కనిపెట్టవలసిందే.

పెంపుడు జీవాన్ని వదిలివెళితే ఏమవుతుందన్నదానికి దీవుల్లో సాక్ష్యాలు కావలసినన్ని. మధ్య అండమాన్‌కు పశ్చిమాన ఉన్న ఇంటర్‌వ్యూ ద్వీపంలో కలప వ్యాపారి దివాలా తీసి 1960ల తొలి ఏళ్ళలో వదిలేసిన పని ఏనుగులు అడవి ఏనుగులుగా మారి, చెట్ల బెరడు ఒలిచి అడవి రూపాన్నే మార్చేశాయి. యజమాని లేక తీరాల్లో తిరిగే కుక్కలు సముద్రపు తాబేళ్ళ గూళ్ళను తవ్వి గుడ్లు తినడం అనేక దీవుల్లో సంరక్షకులకు పెద్ద తలనొప్పిగా ఉంది.

అమెరికాలో పెంపుడు జంతువుల ఆపత్కాలపు సంరక్షణ చట్టమైనది కూడా ఒక నీటి విపత్తు తరువాతే. 2005 కత్రినా తుపానులో కుక్కనూ పిల్లినీ వదిలి రామని చాలామంది ఇళ్ళలోనే ఉండిపోవడంతో అమెరికా 2006లో తరలింపు ప్రణాళికల్లో పెంపుడు జంతువులను చేర్చాలని చట్టం తెచ్చింది. భారతదేశంలో సునామీ తరువాత ఏడాదికి వచ్చిన 2005 విపత్తు నిర్వహణ చట్టంలో విపత్తు నిర్వచనం ప్రాణనష్టాన్ని, మానవ బాధను, ఆస్తి నష్టాన్ని, పర్యావరణ క్షీణతను పేర్కొంటుంది, జంతువు పేరెత్తదు. రాష్ట్ర విపత్తు సహాయ నిధి నియమాల్లో పాడి పశువుకు, దుక్కి పశువుకు, గొర్రెకు, మేకకు, పందికి, కోడికి పరిహారం ఉంది, పశువుల శిబిరాలకు మేత ఖర్చు ఉంది. కుక్కకూ పిల్లికీ వరుస లేదు.

పందికి వరుస ఉన్నా నికోబార్‌లో చిక్కు తీరదు. ఆ నియమాలు కుటుంబానికి ఇన్ని జీవాలు అని పరిమితి పెట్టి, ఆ కుటుంబం అంటే భార్యాభర్తలు, పిల్లలు ఉన్న ఒక ఇల్లని లెక్కగడతాయి. సునామీ తరువాత శాశ్వత గృహాలూ పరిహారాలూ కూడా చాలావరకు ఈ చిన్న కుటుంబం కొలతతోనే పంచారు. తుహెత్‌లో పంది ఎవరి ఒక్కరిదీ కాదు, దానికి పెట్టే కొబ్బరీ ఎవరి ఒక్కరిదీ కాదు. పెద్ద చెప్పినట్టు సాగిన పంపకంలోకి ప్రతి ఇంటికీ వేరు వేరు బ్యాంకు ఖాతా వచ్చి చేరినప్పుడు, ఇంకా కాపుకు రాని తోటలో రాలబోయే మొదటి కాయ ఎవరి పందికన్న ప్రశ్నను నికోబారీలు కొత్తగా తేల్చుకోవలసి వచ్చింది.